ఏసీ/డీసీ పాటలన్నీ ఒకేలా ఉంటాయా? మాల్కమ్ యంగ్ రిథమ్ గురించి మాట్లాడుకుందాం

పాతక్యాసెట్ (గుంటూరు):

అందరికీ నమస్కారం. నేను మా చర్చి క్వయర్‌లో గిటార్ పట్టుకుని పాతికేళ్లు దాటింది. మొదటి రోజు నుంచీ రిథమే, అంటే పాట వెనక ఊపు నిలబెట్టే భాగమే వాయిస్తున్నాను. లీడ్, అంటే ముందుకు వినిపించే బాణీలు, సోలోలు వాయించేవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు, నేను మాత్రం కీబోర్డు పక్కన అదే కుర్చీలో ఉన్నాను.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడొకడు నా ఫోన్‌లో ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ పాటలు విని, "అంకుల్, వీళ్లు 50 ఏళ్లుగా ఒకటే పాట వాయిస్తున్నారు కదా" అన్నాడు. ఈ మాట చాలామంది దగ్గర విన్నాను. ఆ రోజు వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. అది మనసులో ఉండిపోయి ఇక్కడ రాస్తున్నాను.

ఏసీ/డీసీ అనగానే అందరికీ గుర్తొచ్చేది స్కూల్ యూనిఫాం వేసుకుని స్టేజి అంతా గంతులేసే ఆంగస్ యంగ్. ఆ యూనిఫాం ఆలోచన వాళ్ల అక్క మార్గరెట్‌ది. బ్యాండ్ పేరు కూడా ఆవిడ కుట్టుమిషన్ మీద కనిపించిన ఏసీ/డీసీ అనే అక్షరాల నుంచే వచ్చింది. కానీ 1973 నవంబరులో సిడ్నీలో ఆ బ్యాండ్‌ని మొదలుపెట్టిందీ, ఎటు నడవాలో తేల్చిందీ, ఎవరుండాలో నిర్ణయించిందీ ఆంగస్ అన్న మాల్కమ్. స్టేజి మీద ఆయన్ని చూడండి. యాంపుల ముందు నిలబడి ఉంటాడు. కోరస్ వచ్చేసరికి ఆయన, బేస్ వాయించే క్లిఫ్ విలియమ్స్ ఇద్దరూ ముందుకొచ్చి మైక్‌లో పాడి, మళ్లీ వెనక్కి వెళ్లిపోతారు. లైటంతా తమ్ముడి మీదే.

ఆయన గిటార్ 1963 నాటి గ్రెట్ష్ జెట్ ఫైర్‌బర్డ్. అన్న జార్జ్‌తో కలిసి ఈజీబీట్స్ బ్యాండ్‌లో వాయించిన హ్యారీ వాండా ఇచ్చింది. మాల్కమ్ దాని రంగు గీకించేశాడు, అదనంగా ఉన్న పికప్‌లు (తీగల మోతని పట్టి యాంప్‌కి పంపేవి) పీకేసి బ్రిడ్జి దగ్గరున్న ఒక్కటే ఉంచుకున్నాడు. తీగలు మాత్రం లావువి. మూడో తీగ కూడా చుట్టు తీగే. యాంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరగరలాడించేది) చాలామంది అనుకునేదానికంటే బాగా తక్కువ. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కుర్రతనంలో ఆ సౌండ్ కోసం డిస్టార్షన్ పెడల్ మొత్తం తిప్పేసి, ఎందుకు రావడం లేదా అని బాధపడేవాణ్ణి. గెయిన్ తగ్గించి, పిక్‌తో గట్టిగా కొట్టి, కార్డులో (ఒకేసారి మోగించే స్వరాల గుంపులో) ఆరు తీగలూ విడివిడిగా వినిపించేలా పట్టుకుంటే అప్పుడు వచ్చింది.

ఒక్క పని చేసి చూడండి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని "బ్యాక్ ఇన్ బ్లాక్" పాట వినండి. ఒక చెవిలో మాల్కమ్, ఇంకో చెవిలో ఆంగస్ ఉంటారు. ముందు ఇద్దరినీ కలిపి వినండి, తర్వాత మాల్కమ్ ఉన్న వైపు మాత్రమే వినండి. ఈ, డీ, ఏ, మూడే కార్డులు. వాటి మధ్య ఖాళీ ఉంది చూశారా, ఆ ఖాళీలో ఆయన తీగల మీద చెయ్యి ఆనించి శబ్దాన్ని కత్తిరించినట్టు ఆపేస్తాడు. ఆ ఆపడంలోనే పాట ఉంది.

మీరేమంటారు?

వాల్తేరు_డ్రమ్స్ (విశాఖపట్నం):

చాలా మంచి విషయం ఎత్తారు అన్నా. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో డ్రమ్స్, ప్యాడ్స్ వాయిస్తాను. మీ మాటకి డ్రమ్మర్‌గా ఒకటి కలుపుతాను: మాల్కమ్ ఒక్కడే కాదు, మాల్కమ్, ఫిల్ రడ్ ఇద్దరూ కలిసి ఒకే వాయిద్యం.

రడ్ మెల్‌బోర్న్ వాడు, 1975లో చేరాడు. ఆయన పాటల్లో ఫిల్స్ (మధ్య మధ్యలో వేసే డ్రమ్ అలంకారాలు) కోసం వెతకండి, దాదాపు ఉండవు. కిక్, స్నేర్, హై-హ్యాట్. చరణం నుంచి కోరస్‌కి వెళ్లేటప్పుడు మిగతా డ్రమ్మర్లు అయితే టామ్స్ అన్నీ చుట్టి వస్తారు. ఈయన ఒక సింబల్ కొట్టి ఊరుకుంటాడు. కానీ స్నేర్ దెబ్బ ఎక్కడ పడుతుందో గమనించండి. సరిగ్గా మాత్ర మీద పడినట్టే ఉంటుంది గానీ వెంట్రుకవాసి వెనక్కి ఆనుతుంది. ఆ కాస్త ఆగడం వల్లే పాట పరిగెత్తకుండా నడుస్తుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 94 దెబ్బల దగ్గర పెట్టుకుని నాలుగు నిమిషాలు ఒక్క ఫిల్ కూడా లేకుండా అలా వాయించమనండి. చెయ్యి దురద పెడుతుంది. నాకు మూడు నెలలు పట్టింది.

రడ్ 1983లో వెళ్లిపోయాడు, 1994లో తిరిగొచ్చాడు. మధ్యలో వాయించిన సైమన్ రైట్, క్రిస్ స్లేడ్ ఇద్దరూ మంచి డ్రమ్మర్లే. స్లేడ్ దెబ్బ అయితే రోకటి పోటు లాంటిది. కానీ ఆ ఊపు మాత్రం రడ్‌దే.

అమీర్‌పేట్_ఆడియో (హైదరాబాద్):

నేను ఒప్పుకోలేను. కోపం తెచ్చుకోకండి, మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

మా తరం వాళ్లలో చాలామందికి లాగే నాకూ ఈ బ్యాండ్ 2008 ఐరన్ మ్యాన్ సినిమా మొదటి సీనుతో పరిచయం. రెండో భాగానికి 2010లో వీళ్ల పాత పాటలే కలిపి ఒక ఆల్బమ్ వేశారు, అది కొన్ని వందల సార్లు విన్నాను. ఆ తర్వాత ఆల్బమ్‌లన్నీ వరసగా వినడం మొదలుపెట్టాక నాలుగోదో ఐదోదో వచ్చేసరికి అలసట వచ్చింది. లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ వాళ్లు ఒక్క ఆల్బమ్‌లోనే జానపదం, బ్లూస్ పాడి, తూర్పు దేశాల బాణీల దాకా వెళ్లొస్తారు. డీప్ పర్పుల్‌లో జాన్ లార్డ్ ఆర్గన్ ఒక్కటి చాలు. ఏసీ/డీసీ వాళ్లు 1975లో ఎక్కడున్నారో 2020లోనూ అక్కడే ఉన్నారు. దీన్ని నిలకడ అనాలా, ఎదగకపోవడం అనాలా?

స్వాన్‌స్టన్_వీధి (మెల్‌బోర్న్):

అమీర్‌పేట్ గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నదాంట్లో కొంత ఉందని నా అభిప్రాయం.

యంగ్ వాళ్లది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో. పెద్ద కుటుంబం. 1963లో దాదాపు ఇల్లంతా సిడ్నీకి వలస వచ్చేశారు. అప్పటికి మాల్కమ్‌కి పదేళ్లు, ఆంగస్‌కి ఎనిమిది. అన్న జార్జ్ విలావుడ్ వలసదారుల హాస్టల్లో హాలండ్ నుంచి వచ్చిన హ్యారీ వాండాని కలిశాడు. అక్కడ పుట్టిందే ఈజీబీట్స్. 1966లో వాళ్ల పాట "ఫ్రైడే ఆన్ మై మైండ్" ప్రపంచమంతా మోగింది. తర్వాత ఆ బ్యాండ్ చేతిలో డబ్బు మిగలకుండానే విడిపోయింది. తమ్ముళ్లు బ్యాండ్ పెట్టినప్పుడు జార్జ్, హ్యారీ ఇద్దరూ పక్కన కూర్చుని తొలి ఆల్బమ్‌లన్నీ రికార్డు చేశారు. ఏం చెయ్యకూడదో అన్న నేర్పాడు. ఫ్యాషన్ వెంట పరిగెత్తొద్దు, జనం కాలు కదలకపోతే ఆ పాట పక్కన పెట్టేయండి. ఇది నేను పాటలు విని అర్థం చేసుకున్నది.

వాళ్ల తొలి ఆల్బమ్‌ల గాయకుడు బాన్ స్కాట్‌దీ అదే కథ. స్కాట్లాండ్‌లో పుట్టి, కిరిమ్యూర్ అనే చిన్న ఊళ్లో తొలి ఏళ్లు గడిపి, 1952లో కుటుంబంతో ఆస్ట్రేలియా వచ్చాడు. నేనూ వలస వచ్చినదాన్నే. తెనాలి నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో రాత్రుళ్లు ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దేదాన్ని. అక్కడ రేడియోలో "ఇట్స్ ఎ లాంగ్ వే టు ద టాప్" వచ్చినప్పుడల్లా పక్కనున్న ఆస్ట్రేలియా పెద్దాయన సౌండ్ పెంచేవాడు. అప్పటికి పాట మాటలు నాకు సగం అర్థమయ్యేవి కావు, బ్యాగ్‌పైప్ మాత్రం అర్థమైంది. మా తాతగారి ఊళ్లో జానపదులు పట్టుకొచ్చే తిత్తి గుర్తొచ్చింది. మేక తోలు సంచి చంకలో నొక్కుతూ ఒకే శ్రుతి పట్టుకుంటారు చూడండి, అదే ఊపిరి.

ఆ బ్యాగ్‌పైప్ వెనక ఒక సంగతి ఉంది. బాన్ చిన్నప్పుడు పెర్త్ దగ్గరి ఫ్రీమాంటిల్‌లో పైప్ బ్యాండ్‌లో ఉండేవాడని తెలిసి, అయితే పైప్ వాయించమని జార్జ్ అడిగాడు. నిజానికి బాన్ అక్కడ వాయించింది డ్రమ్. అయినా కాదనకుండా పైప్ తెచ్చుకుని నేర్చుకున్నాడు. 1976 ఫిబ్రవరిలో ఆ పాట వీడియో ఇక్కడి స్వాన్‌స్టన్ వీధిలో తీశారు. ఒక లారీ వెనక బ్యాండ్ నిలబడి వాయిస్తుంటే ఆ లారీ ఊరి మధ్యలోంచి వెళ్తుంది. నేను ఆఫీసుకి రోజూ ట్రామ్‌లో అదే దారిలో వెళ్తాను. 2004లో దగ్గర్లోని ఒక సందుకి ఏసీడీసీ లేన్ అని పేరు పెట్టారు. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను.

పాతక్యాసెట్:

స్వాన్‌స్టన్ గారూ, తిత్తి మాట నాకు తట్టనే లేదు. మీరు చెప్పాక మళ్లీ విన్నాను, నిజమే.

అమీర్‌పేట్ తమ్ముడూ, కోపమెందుకు? నువ్వన్నది కొట్టిపారేసేది కాదు. కానీ పెళ్లి మేళం చూడు. నాదస్వరం ఆయనకి దండలు వేస్తారు, డోలు ఆయన్ని మెచ్చుకుంటారు, వెనక శ్రుతి పట్టేవాడి వైపు ఎవరూ చూడరు. శ్రుతి ఎందుకు మారడం లేదని వాణ్ణి అడగం కదా. అది మారకపోబట్టే పైనున్నవాడు ఎన్ని పోకడలైనా పోగలుగుతున్నాడు. మాల్కమ్ మారకపోవడంలో అలాంటి పట్టుదల ఉంది. అది చేతకాక కాదు. మొదట్లో ఆయనా లీడ్ వాయించేవాడు. బ్యాండ్‌కి రిథమే ముఖ్యమని లీడ్ తమ్ముడికి వదిలేశాడు.

ఒక సలహా. సినిమాలో వచ్చినవి కాసేపు పక్కన పెట్టి, 1978లో వచ్చిన "పవరేజ్" ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి విను. "డౌన్ పేమెంట్ బ్లూస్" దగ్గర ఆగు. చేతిలో పైసా లేనివాడి గోడు అది. గిటార్లు మెల్లగా పోగవుతూ వస్తాయి. అది విన్నాక 1976 నాటి "రైడ్ ఆన్" విను. నెమ్మదైన బ్లూస్, బాన్ గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టుంటుంది. ఇవి రెండూ, "లెట్ దేర్ బీ రాక్" ఒకేలా ఉన్నాయని అనిపిస్తే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

నైట్‌షిఫ్ట్_శ్రోత (సికింద్రాబాద్):

బాన్ పేరు వచ్చింది కాబట్టి రాయకుండా ఉండలేను. నేను బాన్ మనిషిని, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

1974లో చేరేనాటికి ఆయన బ్యాండ్‌లో అందరికంటే పెద్ద, 28 ఏళ్లు. అప్పటికే కొన్ని బ్యాండ్లలో పాడాడు, మోటార్‌సైకిల్ ప్రమాదంలో చావు తప్పించుకున్నాడు. ఆ బతుకే పాటల్లోకి వచ్చింది. ఆయన రాసిన మనుషులు డబ్బు లేనివాళ్లు, రోడ్డు మీద తిరిగేవాళ్లు, ప్రేమించి దెబ్బతిన్నవాళ్లు. పాడేటప్పుడు గొంతులో నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వు ఇంకెవరి దగ్గరా దొరకలేదు నాకు.

అమెరికాలో దారి అంత తేలిగ్గా దొరకలేదు. 1976 నాటి "డర్టీ డీడ్స్ డన్ డర్ట్ చీప్" ఆల్బమ్‌ని అక్కడి అట్లాంటిక్ రికార్డు కంపెనీ వద్దంది. అదే ఆల్బమ్‌ని 1981లో విడుదల చేస్తే అక్కడి ఆల్బమ్‌ల జాబితాలో మూడో స్థానానికి వెళ్లింది. అప్పటికి బాన్ లేడు. 1979లో నిర్మాత మట్ లాంగ్‌తో చేసిన "హైవే టు హెల్" వాళ్లకి అమెరికా తలుపు తెరిచింది. ఆరు నెలలు గడిచాయి. 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో, రాత్రంతా తాగి స్నేహితుడి కారులో నిద్రపోయిన బాన్ మళ్లీ లేవలేదు. 33 ఏళ్లు.

ఆ తర్వాత జరిగింది ఆలోచిస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. బ్యాండ్ ఆపేద్దామనుకున్నారు. బాన్ తల్లిదండ్రులే కొనసాగించమని ప్రోత్సహించారు. ఇంగ్లండ్ ఉత్తరాన జోర్డీ అనే బ్యాండ్‌లో పాడి, అప్పటికి కార్ల పైకప్పులు బాగుచేసే పని పెట్టుకున్న బ్రయన్ జాన్సన్‌ని పిలిచారు. అంతకు చాలా ఏళ్ల ముందు బాన్ ఆయన పాట విని, మంచి గొంతని మిగతావాళ్లకి చెప్పాడట. ఏప్రిల్, మే నెలల్లో బహామాస్‌లోని నసావులో రికార్డింగ్. జులై 25న "బ్యాక్ ఇన్ బ్లాక్" బయటికొచ్చింది. అట్ట మొత్తం నలుపు, అది బాన్ కోసం. మనిషి పోయి అయిదు నెలలు. ప్రపంచం మొత్తం మీద 5 కోట్ల కాపీల దాకా అమ్ముడుపోయిందని అంచనా.

బాన్ మనిషినైన నేను చెప్తున్నాను, ఆ ఆల్బమ్‌లో బ్రయన్ బాన్‌లా పాడడానికి ప్రయత్నించలేదు. అందుకే నిలబడ్డాడు.

వాల్తేరు_డ్రమ్స్:

ఆ ఆల్బమ్ మొదట్లో గంట మోగుతుంది కదా, దాని కథ నాకు చాలా ఇష్టం. గంటని ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో పోత పోయించారు. బరువు సుమారు ఒక టన్ను. ముందు అక్కడి యుద్ధ స్మారక గోపురంలో ఉన్న గంటని రికార్డు చేద్దామని వెళ్తే, కొట్టినప్పుడల్లా లోపలున్న పక్షులు రెక్కలు కొట్టుకుంటూ లేచేవి. పనికి రాలేదు. చివరికి తమ గంటనే, పోత పోసిన చోటే కొట్టించి రికార్డు చేశారు. నసావులో ఉరుములతో వానలు పడుతుంటే ఆ వాతావరణమే "హెల్స్ బెల్స్" మాటల్లోకి వచ్చిందని బ్రయన్ చెప్పాడు.

కానింగ్_రోడ్డు (పెర్త్):

కొత్త సభ్యుణ్ణి, నమస్కారం. ఒక చిన్న మాట. ఈ థ్రెడ్‌లో ఎవరూ అనలేదు గానీ మా ఊళ్లో అందరూ అంటారు: "హైవే టు హెల్" అంటే పెర్త్ నుంచి ఫ్రీమాంటిల్ వెళ్లే కానింగ్ హైవే అని. బాన్ ఫ్రీమాంటిల్‌లో పెరిగాడు కాబట్టి ఆ మాట అతుక్కుపోయింది. ఆంగస్ చెప్పేది వేరు, ఏళ్ల తరబడి బస్సులో తిరుగుతూ చేసిన టూర్‌లకి అది పేరు అని. అయినా మా ఊరి వాళ్లు ఆ కథని వదులుకోలేదు. 2020 మార్చి 1న పది కిలోమీటర్ల కానింగ్ హైవే మూసేసి, కదిలే లారీల మీద బ్యాండ్లు ఆ బ్యాండ్ పాటలు వాయిస్తూ వెళ్లాయి. నేను మా పిల్లాణ్ణి భుజం మీద ఎక్కించుకుని చూశాను. బాన్ సమాధి ఫ్రీమాంటిల్‌లోనే ఉంది. నేను వెళ్లిన రోజు ఎవరో గిటార్ పిక్‌లు పెట్టి వెళ్లారు.

అమీర్‌పేట్_ఆడియో:

"పవరేజ్" విన్నాను, రెండుసార్లు. పాతక్యాసెట్ అన్నా, నా మాటలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. "డౌన్ పేమెంట్ బ్లూస్" దగ్గర మీరు చెప్పినట్టే ఆగిపోయాను. ఇలాంటి పాట వీళ్ల దగ్గర ఉంటుందని అనుకోలేదు.

కానీ మొత్తం వెనక్కి తీసుకోను. ఈ వారమే 1983 నాటి "ఫ్లిక్ ఆఫ్ ద స్విచ్", 1985 నాటి "ఫ్లై ఆన్ ద వాల్" కూడా విన్నాను. అక్కడ కూడా అదే శ్రుతి, అదే పట్టుదల. మరి పాటలేవి? మారకపోవడమే గొప్ప అయితే అవి కూడా గొప్పగా ఉండాలి కదా.

పాతక్యాసెట్:

ఇది గట్టి ప్రశ్న. ఒప్పుకుంటాను, ఆ ఆల్బమ్‌లు బలహీనమైనవే. మట్ లాంగ్ పక్కన లేడు, మధ్యలో రడ్ వెళ్లిపోయాడు, టూర్‌ల అలసట. మాల్కమ్‌కి తాగుడు ముదిరి 1988లో అమెరికా టూర్ వదిలేసి వైద్యం చేయించుకున్నాడు. ఆయన బదులు వాయించింది అన్న కొడుకు స్టీవీ యంగ్. మాల్కమ్ తాగుడు మానేసి తిరిగొచ్చాడు. 1990లో "ద రేజర్స్ ఎడ్జ్", అందులో "థండర్‌స్ట్రక్".

రిథమ్ ఉంటే చాలు అని నేను అనడం లేదు తమ్ముడూ. పునాది గట్టిదైనా పైన ఇల్లు బాగా కట్టాలి. ఆ ఏళ్లలో పునాది ఉంది, ఇల్లు లేదు. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

"థండర్‌స్ట్రక్" మొదట్లో ఆంగస్ వాయించేది ఒక్క బి తీగ మీదే. మా కుర్రాడు అది నేర్చుకుని క్వయర్ ప్రాక్టీసులో అందరికీ చూపిస్తున్నాడు. దాని కింద మాల్కమ్ ఏం చేస్తున్నాడో మాత్రం వాడింకా వినలేదు.

నైట్‌షిఫ్ట్_శ్రోత:

1991 ప్రస్తావన రాకుండా "ద రేజర్స్ ఎడ్జ్" టూర్ గురించి మాట్లాడలేం. జనవరి 18న అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో కుర్చీలు లేని నేల మీద జనం ముందుకి తోసుకురావడంతో ముగ్గురు టీనేజర్లు నలిగి చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 28న మాస్కోలోని టుషినో విమానాశ్రయంలో ఉచిత కచేరీ, లక్షల్లో జనం. సోవియట్‌లో తిరుగుబాటు విఫలమై నెల దాటిందంతే. ఆ వీడియో అందరూ షేర్ చేస్తారు, ముందుది ఎవరూ తలచుకోరు. నేను పుష్కరాల రద్దీలో ఒకసారి ఊపిరాడక ఇరుక్కుపోయాను. అందుకే ఆ ముగ్గుర్నీ మర్చిపోలేను.

హార్మోనియం_ఇల్లు (నర్సీపట్నం):

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, ఇవాళ రాయాలనిపించింది. నాకు రాక్ సంగీతం పెద్దగా తెలియదు. మా అబ్బాయి వింటాడు, వాడే ఈ థ్రెడ్ పంపించాడు.

మా నాన్నగారు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని శ్రుతి అందించారు, నాటకం పోస్టరు మీద ఆయన పేరు ఎప్పుడూ చిన్న అక్షరాలే. చివరి అయిదేళ్లు డిమెన్షియా. నన్ను చూసి "మీరు ఎవరబ్బాయి?" అని అడిగేవారు. హార్మోనియం ముందు కూర్చోబెడితే మాత్రం వేళ్లు మెట్ల మీద వాటంతటవే వెళ్లేవి. తర్వాత తర్వాత అదీ పోయింది. పద్యం మధ్యలో చెయ్యి ఆగిపోయేది, మళ్లీ మొదలుపెట్టేవారు, మళ్లీ అక్కడే ఆగిపోయేది. ఆ సమయంలో ఆయన ముఖం వైపు చూడలేకపోయేవాణ్ణి.

మాల్కమ్ గారికి కూడా అదే జబ్బు అని మా అబ్బాయి చెప్పాడు. దాని గురించి తెలిసినవాళ్లు రాయగలరా?

పాతక్యాసెట్:

మీరు రాసింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశానండి.

అవును. 2008లో "బ్లాక్ ఐస్" ఆల్బమ్ చేసేనాటికే మాల్కమ్‌కి జ్ఞాపకం జారడం మొదలైంది. తర్వాతి ప్రపంచ టూర్ దాదాపు రెండేళ్లు. తాను కట్టిన రిఫ్‌లు (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ బాణీలు), ముప్పై ఏళ్లు వాయించినవి, స్టేజి ఎక్కేముందు మళ్లీ కూర్చుని నేర్చుకునేవాడని ఆంగస్ తర్వాత చెప్పాడు. 2010 జూన్ 28న స్పెయిన్‌లోని బిల్బావోలో ఆయన ఆఖరి కచేరీ. ఆ టూర్ వీడియోలు అప్పట్లో ఎన్నోసార్లు చూశాను. ఈ సంగతి తెలిశాక మళ్లీ చూస్తే, ఆయన కళ్లు మాటిమాటికీ ఎడమచేతి వైపు వెళ్తున్నట్టు అనిపించింది. అది నా ఊహ కూడా కావచ్చు. లయ మాత్రం ఎక్కడా తప్పలేదు.

2014లో బ్యాండ్ నుంచి తప్పుకున్నాడు. 2017 అక్టోబరులో అన్న జార్జ్ పోయాడు, నవంబరు 18న మాల్కమ్. 64 ఏళ్లు.

హార్మోనియం_ఇల్లు:

ధన్యవాదాలండి. ఇవాళ రాత్రి మా అబ్బాయితో కూర్చుని ఆ వీడియో చూస్తాను.

అమీర్‌పేట్_ఆడియో:

హార్మోనియం గారూ, మీ నాన్నగారికి నా నమస్కారం.

నా ప్రశ్న ఇది. మాల్కమ్ వెళ్లిన రోజే ఈ పేరు ఆపేయాల్సింది కదా? 2016లో బ్రయన్‌కి వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్తే, గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు యాక్సెల్ రోజ్‌ని తెచ్చి టూర్ ముగించారు. ఆ టూర్ చివర క్లిఫ్ కూడా రిటైరయ్యాడు. ఆంగస్ ఒక్కడు మిగిలాడు. బ్యాండ్ గుండె మాల్కమ్ అని మీరే అంటున్నారు. గుండె లేకుండా ఎలా?

నైట్‌షిఫ్ట్_శ్రోత:

నేను అమీర్‌పేట్ పక్షం. యాక్సెల్ బాగా పాడాడు, కాలు విరిగి కుర్చీలో కూర్చుని కూడా పాడాడు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ టూర్ నా బ్యాండ్ కాదు. 2020 నాటి "పవర్ అప్" మాత్రం వేరు. బ్రయన్, క్లిఫ్, రడ్ అందరూ తిరిగొచ్చారు. పన్నెండు పాటల కిందా రాసినవారుగా ఆంగస్ పేరు, మాల్కమ్ పేరు ఉంటాయి. అన్నదమ్ములు ఏళ్ల తరబడి దాచుకున్న రిఫ్‌ల నుంచి కట్టిన పాటలు. అక్కడితో ముగించి ఉంటే బాగుండేది.

స్వాన్‌స్టన్_వీధి:

నేను ఒప్పుకోను, ఎందుకంటే నేను వెళ్లి చూశాను.

2025 నవంబరులో ఎమ్‌సీజీ మైదానంలో వాయించారు. ఇక్కడ పదేళ్ల తర్వాత అదే మొదటిసారి. బ్రయన్‌కి 78 ఏళ్లు, పై స్థాయి గొంతు కొన్నిచోట్ల అందలేదు. అందనప్పుడు జనం పాడారు. ఆంగస్‌కి 70. "లెట్ దేర్ బీ రాక్"లో అంతసేపు సోలో వాయించాడు, అదవ్వగానే స్టేజి మీద పడి దొర్లాడు. నేను చూస్తూ ఉన్నది మాత్రం ఎడమా కుడీ పరిగెత్తే ఆయన్ని కాదు, ఈ థ్రెడ్ వల్లే. వెనక స్టీవీ యంగ్ ఉన్నాడు, చేతిలో గ్రెట్ష్. కోరస్ రాగానే మైక్ దగ్గరికి వచ్చాడు, పాడాడు, వెనక్కి వెళ్లాడు. బాబాయి ఎలా చేసేవాడో అచ్చం అలాగే. నా పక్కనున్న ముసలాయన ఆ నడక చూసి కళ్లు తుడుచుకున్నాడు.

ఆఖర్న "ఫర్ దోజ్ అబౌట్ టు రాక్", ఫిరంగులు. ట్రామ్ ఎక్కే దాకా చెవుల్లో హోరు తగ్గలేదు.

అమీర్‌పేట్_ఆడియో:

ఆ నడక గురించి మీరు రాసింది చదివాక ఇంకేం అనలేను. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ, నేను ఆ మైదానంలో ఉంటే ఏమనుకునేవాణ్ణో నాకు తెలుస్తోంది.

పాతక్యాసెట్:

నిన్న శనివారం ప్రాక్టీసు. మా కుర్రాడు ముందే వచ్చి, లీడ్ గిటార్ పెట్టెలోంచి తియ్యకుండా, "అంకుల్, ఆ మూడు కార్డులు నాకు చూపించండి" అన్నాడు. వాడు ఈ థ్రెడ్ చదివాడట.

వాల్తేరు తమ్ముడు చెప్పినట్టు మెట్రోనోమ్ 94 దగ్గర పెట్టాం. కార్డులు వాడికి అర నిమిషంలో వచ్చేశాయి. ఖాళీలు మాత్రం రాలేదు. ప్రతి ఖాళీలోనూ వేలు ఏదో ఒకటి మీటుతోంది. అరచెయ్యి తీగల మీద ఆనించి, ఆగి, మళ్లీ కొట్టమన్నాను. గంటకి పైగా అదే. చివర్లో ఒక్కసారి, ఎనిమిది ఆవృత్తాలు ఏమీ చేర్చకుండా వాయించాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

ఇప్పుడు వాడు తన గిటార్‌కి లావు తీగలు కావాలంటున్నాడు. 12 నంబరు సెట్, మూడో తీగ చుట్టు తీగ ఉండేది. గుంటూరులో రెండు షాపులు తిరిగాను, అన్నీ 9, 10 నంబర్లే ఉన్నాయి. విజయవాడలో ఎక్కడైనా దొరుకుతుందా? నెక్ సర్దకుండా నేరుగా ఎక్కించవచ్చా?

వాల్తేరు_డ్రమ్స్:

నేరుగా ఎక్కించకండి అన్నా, లాగుడు ఎక్కువై నెక్ వంగుతుంది. ముందు నెక్ లోపలుండే ట్రస్ రాడ్ కడ్డీ కొంచెం బిగించాలి, నెక్ చివర తీగలు ఆనే నట్ పట్టీ గాళ్లు కూడా చూడాలి. మా ఆర్కెస్ట్రా గిటారిస్టు దగ్గర ఒక సెట్ విప్పకుండా ఉంది. వచ్చే ఆదివారం గుంటూరులో పెళ్లి ప్రోగ్రామ్ ఉంది, ఆయన్ని తీసుకుని మీ చర్చి దగ్గరికి వస్తాం. కుర్రాణ్ణి గిటార్‌తో ఉండమనండి.